పాలు మానేస్తే పార్కిన్సన్స్ రాదా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాకు 67 ఏళ్ళు, బరువు 60 కేజీలు. బీపీ, షుగర్ లేవు. మా అన్నయ్యకి 72. నాలుగేళ్ళ కిందట పార్కిన్సన్స్ అని తేల్చారు. లెవోడోపా మాత్రలు వాడుతున్నాడు. పొద్దున్నే ఇడ్లీ తిని, పాలతో మాత్ర వేసుకుంటాడు. ఈమధ్య మాత్ర పట్టడం లేదంటున్నాడు. నాకూ ఆరు నెలలుగా టీ గ్లాసు పట్టుకుంటే కుడిచెయ్యి వణుకుతోంది. మలబద్ధకం పదేళ్ళ నుంచీ ఉంది. గ్యాస్‌కని ఏడాదిగా రోజూ పరగడుపున ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు పొలంలో మందులు నేనే కొట్టాను. ఫోన్లో వచ్చిన వీడియో చూసి పాలు, పెరుగు మానేశాను, దూలగొండి పొడి తెప్పించాను, రాత్రి పసుపునీళ్ళు తాగుతున్నాను. ఏం తింటే ఈ జబ్బు నాకు రాకుండా ఉంటుంది?

జవాబు: తిండి సంగతికి వచ్చేముందు ఆ గ్యాస్ క్యాప్సూల్ అట్ట తీసి వెనక్కి తిప్పి చూడండి. పాంటాప్రజోల్ గానీ రాబిప్రజోల్ గానీ ఒక్కటే ఉంటే ఈ విషయంలో పేచీ లేదు. దాని పక్కన లెవోసల్పిరైడ్ అని ఉంటే మాత్రం మీ వణుకుకి కారణం మీ చేతిలోనే ఉండొచ్చు. ఈ మందు మెదడులో కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం పని చేసే చోటును మూసేస్తుంది. అరవై దాటినవాళ్ళలో నెలల తరబడి వాడితే చెయ్యి వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం, అచ్చం పార్కిన్సన్స్ లాగే కనిపిస్తాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికిచ్చే సిన్నరిజిన్, పార్శ్వనొప్పికిచ్చే ఫ్లునారిజిన్ కూడా ఈ జాతివే. నాలుగు రోజులకని రాసిన చీటీని మందుల దుకాణంలో చూపిస్తూ ఏడాదంతా కొనుక్కోవడం మనవైపు మామూలైపోయింది. రాసిన డాక్టరుకి అట్ట చూపించి, వణుకు సంగతి చెప్పి ఆపించుకోండి. ఆపాక తగ్గడానికి కొన్ని వారాలు మొదలు కొన్ని నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే లోపల దాగి ఉన్న జబ్బును మందు బయటపెట్టిందేమోనని అనుమానించాలి.

ఇక వణుకు తీరు. గ్లాసు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు వణికి, చెయ్యి ఒళ్ళో పెట్టుకోగానే ఆగిపోతే అది ఎక్కువగా వేరే రకం వణుకు. థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసానికి సాల్బుటమాల్ వాడినా ఇలాగే ఉంటుంది. పార్కిన్సన్స్ వణుకు దానికి ఎదురు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వస్తుంది, పనికి కదిపితే తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని చేతులు తొడల మీద వదిలేసి, వంద నుంచి ఏడేసి తీసేస్తూ 93, 86, 79 అని పైకి లెక్కపెట్టండి. మనసు లెక్కలో ఉండగా బొటనవేలు, చూపుడువేలు ఉండ చుడుతున్నట్టు కదులుతున్నాయేమో ఇంట్లోవాళ్ళని చూడమనండి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం మానేసిందా, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతోందా, అక్షరాలు పోనుపోను చిన్నవైపోతున్నాయా అన్నవి వణుకు కంటే గట్టి గుర్తులు. బ్యాంకులో సంతకం కలవలేదని రెండుసార్లు తిప్పి పంపారంటే అది బ్యాంకువాళ్ళ చాదస్తం కాకపోవచ్చు.

వాసన కూడా చూసుకోండి. కళ్ళు మూసుకుని కాఫీపొడి, నలిపిన కరివేపాకు, లవంగం ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టించుకుని పేరు చెప్పండి. తలనొప్పి బామ్, ఆవపిండి ఘాటు పనికిరావు. ఆ మంట వేరే నరానికి తగులుతుంది, వాసన పోయినవాళ్ళకీ తెలుస్తుంది. ముక్కుపొడి, సైనస్, కోవిడ్ వల్ల కూడా వాసన పోతుంది కాబట్టి ఒక్క దాంతో కంగారు పడొద్దు. వాసన పోవడం, మలబద్ధకం, నిద్రలో కలవరిస్తూ కాళ్ళూ చేతులూ విసరడం మూడూ కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా నాడీ వైద్యుడికి చూపించండి. విశాఖ కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలో న్యూరాలజీ (నాడీ వైద్య) విభాగం ఉంది. వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.

అన్నగారికి ఉంది కాబట్టి నాకూ వస్తుందన్న భయం అర్థమవుతోంది. అరవై దాటిన వందమందిలో సుమారు ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. తోబుట్టువుకి ఉంటే అవకాశం సుమారు రెట్టింపు. అయితే అది చిన్న అంకెకి రెట్టింపు.

తిండితో ఈ జబ్బును కచ్చితంగా ఆపగలమని ఎవరు చెప్పినా నమ్మకండి. తిండికి, ముప్పుకి సంబంధం కనిపించిన మాట నిజమే. అమెరికాలో వైద్యరంగంలో పనిచేసే మగవాళ్ళను, నర్సులను ఏళ్ళ తరబడి గమనించి 2007లో వేసిన లెక్కలో కూరలు, పళ్ళు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు బాగా తినేవాళ్ళకి ముప్పు అయిదో వంతు దాకా తక్కువ తేలింది. 2021లో కెనడాలో చూస్తే, ఆకుకూరలు, గింజలు ఎక్కువగా, వేపుళ్ళు, తీపి తక్కువగా ఉండే పద్ధతి పాటించిన ఆడవాళ్ళలో జబ్బు 17 ఏళ్ళ వరకు, దానికి దగ్గరి మధ్యధరా తీరపు తిండి పద్ధతి పాటించిన మగవాళ్ళలో 8 ఏళ్ళ వరకు ఆలస్యంగా మొదలైంది. వీడియోలు ఈ 17 ఏళ్ళ ముక్కనే పట్టుకుంటాయి. ఆ రోగులను తిండి గురించి అడిగింది జబ్బు వచ్చాక. జబ్బే తిండిని మార్చి ఉండొచ్చు కదా! అందుకని 17 ఏళ్ళను పక్కన పెట్టి, దిశను మాత్రం తీసుకుందాం. ఆ తిండి గుండెకి, పేగుకి ఎలాగూ మేలే.

మీరు పాలు మానేయడానికి మూలం 2017 నాటి లెక్క. సుమారు 1,30,000 మందిని 25 ఏళ్ళు గమనించారు. వెన్న తీసిన పాలు, పెరుగు వంటివి రోజుకి మూడుసార్లు, ఆపైన తీసుకున్నవారిలో 1 శాతానికి, ఒకసారి కూడా తీసుకోనివారిలో 0.6 శాతానికి ఈ జబ్బు వచ్చింది. వెన్న ఉన్న పాలతో ఆ తేడా కనిపించలేదు. మన ఊళ్ళలో రోజుకి మూడు గ్లాసుల వెన్నతీసిన పాలు తాగేవాళ్ళెవరు? మీరు మానేసింది టీలో పాలు, అన్నంలో పెరుగు. దానికి బదులు ఏమీ పెట్టుకోకపోతే పోయేది కాల్షియం, బి12. ఈ వయసులో పడితే విరిగేది తుంటి ఎముక. మధ్యాహ్నం ఒక కప్పు, అంటే 150 గ్రాముల పెరుగు మళ్ళీ మొదలుపెట్టండి. పాలు గ్లాసులు గ్లాసులుగా వద్దు, అంతే.

పళ్ళెంలోకి వద్దాం. ఆలివ్ నూనె, బ్లూబెర్రీల కోసం విశాఖ పరుగెత్తక్కర్లేదు. మీ దగ్గర ఉన్నవాటిలో మొదటిది చోళ్ళు, అంటే రాగులు. వంద గ్రాముల చోడిపిండిలో పీచు సుమారు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాములకి లోపే. రాత్రి 40 గ్రాముల పిండి గ్లాసుడు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచండి. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, మంట తగ్గించి, పులిసిన పిండినీళ్ళు సన్నధారగా పోస్తూ తిప్పండి. పొడిపిండిని మరిగే నీళ్ళలో గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. పది నిమిషాలు ఉడికి గరిట వెనక పూతలా అంటుకుంటే అయినట్టు. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, ఒక చిటికెడు ఉప్పు. పిండి జల్లెడ పట్టించకండి, జల్లెడలో పారేసేదే మీకు కావలసిన పొట్టు.

రెండోది ఉలవలు. మనం చేసే తప్పు తెలిసిందే: ఉలవచారు కాచుకుని గుగ్గిళ్ళు పశువుల కుడితిలో వేస్తాం. పీచు, మాంసకృత్తులు ఎక్కువగా ఆ గుగ్గిళ్ళలోనే ఉండిపోతాయి. 30 గ్రాముల ఉలవలు పది గంటలు నానబెట్టి, నీళ్ళు పారబోసి, కుక్కర్లో ఏడెనిమిది కూతలు రానిచ్చి, పోపు వేసి గుగ్గిళ్ళే తినండి. ఆకుకూర రోజుకి 150 గ్రాములు: తోటకూర, బచ్చలి, ములగాకు, ఏది దొరికితే అది. కందా బచ్చలి, ఆవ పెట్టిన కూర భేషుగ్గా వండుకోవచ్చు. నూనె మాత్రం కొలిచి వాడాలి. మనిషికి రోజుకి 25 మిల్లీలీటర్లు, అంటే భార్యాభర్తలిద్దరికీ నెలకి లీటరున్నర. నువ్వులనూనె, వేరుశెనగనూనె రెండూ సరే. అప్పడాలు వేయించిన నూనె మళ్ళీ పోపులోకి వద్దు. తీరం నుంచి కానాగంతలు, కవళ్ళు వస్తాయి. ఖరీదైన చందువా, వంజరాల కోసం చూడకుండా ఈ చిన్న చేపలే వారానికి రెండుసార్లు, వంద గ్రాముల చొప్పున, పులుసు పెట్టుకుని తినండి. మెదడుకి పనికొచ్చే కొవ్వు వీటిలో బాగా ఉంటుంది, వేపుడులో కొంత పోతుంది. ఎండుచేప ఉప్పు మయం, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఒక రోజుకి లెక్క వేస్తే: చోడి అంబలి 40 గ్రాముల పిండితో, రెండు పూటలకీ కలిపి 180 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు, 30 గ్రాముల ఉలవలు, 150 గ్రాముల ఆకుకూర, ఒక జామపండు, గుప్పెడు వేరుశెనగలు, కప్పు పెరుగు. పీచు సుమారు 30 గ్రాములు వస్తుంది. మాంసకృత్తులు 45 గ్రాముల పైచిలుకు. చేపల రోజున 65 దాకా పోతుంది, మిగతా రోజుల్లో రెండు గుడ్లు కలిపితే 58 అవుతుంది. 60 కేజీల మనిషికి 50 నుంచి 60 చాలు. పలాస జీడిపప్పు మంచిదే గానీ వేరుశెనగ కంటే మెదడుకి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. ధర చూసి తేల్చుకోండి.

ఇదంతా రేపటి నుంచే మొదలుపెట్టకండి. ఇన్నాళ్ళూ తెల్లన్నం మీద ఉన్న పేగుకి ఒక్కసారిగా రెట్టింపు పీచు వేస్తే పొట్ట ఉబ్బుతుంది, గ్యాస్ పడుతుంది, మీరు మళ్ళీ ఆ క్యాప్సూల్ దగ్గరికే పోతారు. మొదటి వారం అంబలి, రెండో వారం ఆకుకూర పెంచడం, మూడో వారం ఉలవలు, అదీ రోజు విడిచి రోజు. నీళ్ళు ఏడెనిమిది గ్లాసులు ఉండాలి. నీళ్ళు లేని పీచు పేగులో అట్టకట్టి మలబద్ధకాన్ని పెంచుతుంది. తిన్న అరగంటకి మరుగుదొడ్డికి వెళ్ళి కూర్చోవడం అలవాటు చేసుకోండి, తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. నెల దాటినా లొంగకపోతే డాక్టరు రాసే విరేచనకారి వాడడంలో నామోషీ లేదు.

హవాయిలో 2001లో చూసిన లెక్కలో రోజుకి ఒక్కసారైనా విరేచనం కాని మగవాళ్ళలో ఈ జబ్బు రెండు రెట్లకు పైగా కనిపించింది. మలబద్ధకమే జబ్బు తెస్తుందని కాదు. చెయ్యి వణకడానికి పదిపదిహేనేళ్ళ ముందే పేగు నరాల్లో జబ్బు మొదలై ఉండొచ్చు. మలబద్ధకానికి కారణాలు వంద. కాబట్టి గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి, భయపడకండి.

ఈ తిండి అందరికీ కాదని ఒక హెచ్చరిక. ఇది చదివే వాళ్ళలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు ముందు కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నవారికి ఉలవలు, ఆకుకూరలు, కొబ్బరినీళ్ళలోని పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది. మాంసకృత్తులు, నీళ్ళు ఎంతన్నది కూడా వాళ్ళకి కిడ్నీ డాక్టరే చెప్పాలి. మీరూ ఒకసారి చూపించుకుంటే నష్టం లేదు.

ప్యాకెట్ తిండి గురించి రెండు మాటలు. 2025లో వచ్చిన అమెరికా లెక్కలో రోజుకి పదకొండు సార్లు, ఆపైన ఫ్యాక్టరీ తిండి తినేవాళ్ళలో వాసన పోవడం, నిద్రలో విసరడం, మలబద్ధకం వంటి తొలి గుర్తులు మూడు గానీ అంతకు మించి గానీ ఉండడం రెండున్నర రెట్లు కనిపించింది. పదకొండంటే మనకెందుకులే అనిపిస్తుంది. టీతో నాలుగు బిస్కెట్లు, సాయంత్రం మిక్చర్, మనవడి చేతిలోంచి నాలుగు చిప్స్, కూల్‌డ్రింక్ అని వేళ్ళు మడుస్తూ పొండి.

కాఫీ తాగేవాళ్ళలో ఈ జబ్బు తక్కువని చాలా దేశాల్లో తేలింది. అలవాటుంటే రెండు కప్పులు, మధ్యాహ్నం మూడింటిలోపు. అలవాటు లేకపోతే మందులా మొదలుపెట్టకండి. జబ్బు వచ్చినవాళ్ళకి కెఫీన్ మాత్రలిచ్చి చూస్తే గుణం రాలేదు. పొగతాగేవాళ్ళలోనూ తక్కువేనని ఎవరైనా చెబుతారు, అదీ నిజమే. నికోటిన్ పట్టీలు పెట్టి చూసినా ఫలితం లేదు. శ్రీకాకుళం వైపు నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అవ్వలకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ అందరూ చూసిందే. ఆ దారి వద్దు.

మీ ఉత్తరంలో తిండి కంటే బరువైన మాట ముప్పై ఏళ్ళు మందులు కొట్టడం. పారాక్వాట్ అనే గడ్డిమందు వాడినవాళ్ళలో ఈ జబ్బు అవకాశం రెండున్నర రెట్లని 2011లో అమెరికా రైతుల మీద చేసిన పరిశీలన చెప్పింది. జరిగిపోయింది వెనక్కి రాదు. ఇకమీద మీ అబ్బాయో, కూలీయో కొడుతుంటే రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి. చర్మంలోంచి వెళ్ళేదే ఎక్కువ. ఒంటి మీది బట్టలు ఇంట్లోవాటితో కలపకుండా ఉతకాలి. ఖాళీ మందు డబ్బాల్లో నూనె, కిరోసిన్, మంచినీళ్ళు పోసి పెట్టుకునే అలవాటు ఇంకా ఉంది. ఎన్నిసార్లు కడిగినా అది పనికిరాదు, చిల్లు పొడిచి పారేయండి. పొలం పక్క బోరునీళ్ళే తాగుతుంటే మరగకాచడం వల్ల క్రిములు చస్తాయి గానీ పురుగుమందు పోదు. బొగ్గు వడపోత ఉన్న ఫిల్టరు కావాలి. కూరలు ధారగా పారే నీళ్ళలో రుద్ది కడగండి.

దూలగొండి పొడి డబ్బా మూతపెట్టి పక్కన పెట్టండి. ఆ గింజలో సహజంగా లెవోడోపా ఉంటుంది. అంటే అది జబ్బుని ఆపే టానిక్ కాదు, జబ్బు వచ్చాక ఇచ్చే మందే, మోతాదు తెలియకుండా. అయిదు గ్రాముల చెంచాలో 200 మిల్లీగ్రాముల పైచిలుకు ఉండొచ్చు, డబ్బా డబ్బాకీ మారుతుంది. మీరు వాడితే వాంతులు, లేచి నిలబడితే బీపీ పడిపోవడం, పైగా పరీక్ష చేసే డాక్టరుకి అసలు లక్షణం కనబడకపోవడం. మీ అన్నగారి చేతికి అస్సలు పోనివ్వకండి. ఆయన మాత్రలకి ఇది తోడైతే ఒళ్ళు మెలికలు తిరగడం, లేని మనుషులు కనబడడం మొదలవుతాయి. పసుపు కూరలో వేసుకున్నంత చాలు.

చివరిగా అన్నగారి మాత్ర. పట్టకపోవడానికి మొదట అనుమానించాల్సింది పాలని, ఇడ్లీని. లెవోడోపా చిన్నపేగులోంచి రక్తంలోకి, అక్కడినుంచి మెదడులోకి వెళ్ళే ద్వారాన్నే మాంసకృత్తులు కరిగి వచ్చే ఆమ్లాలు కూడా వాడుకుంటాయి. పాలు, మినప్పిండి, పెసరట్టు ముందు పోతే మాత్ర గుమ్మం బయటే నిలబడుతుంది. లేవగానే ఆరింటికి గ్లాసుడు నీళ్ళతో మాత్ర, ఆరున్నర దాటాక టిఫిన్. మధ్యాహ్నం, రాత్రి కూడా అన్నానికి అరగంట ముందు, లేదా తిన్న గంటన్నరకి. ఖాళీ కడుపున వికారం పెడితే గుప్పెడు మరమరాలో, రెండు పొడి బిస్కెట్లో నమిలి వేసుకోవచ్చు, పాలు మాత్రం కాదు. రక్తం పట్టడానికి ఇనుము మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, కలిస్తే రెండూ అతుక్కుని పనిచేయవు. వేళలు సరిచేసి రెండు వారాలు, మాత్ర వేసుకున్న సమయం, పట్టిన సమయం, వదిలిన సమయం ఒక కాగితం మీద రాయించండి. అప్పటికీ పగలు వదిలేస్తుంటే డాక్టరుతో మాట్లాడి పప్పు, గుడ్డు, చేప, పెరుగు రాత్రి భోజనానికి మార్చవచ్చు. మార్చడమే, మానేయడం కాదు. ఈ జబ్బులో మనిషి తగ్గిపోతుంటాడు కాబట్టి నెలకోసారి తూకం చూడండి. మలబద్ధకం ఆయనకీ ఉందేమో అడగండి. కడుపు కదలకపోతే మాత్ర పేగు దాకా చేరడమే ఆలస్యమవుతుంది. నీళ్ళు తాగేటప్పుడు దగ్గు, పొలమారడం ఉందేమో వదినగారిని గమనించమనండి. ఉంటే గడ్డం కిందికి వంచి చిన్న గుటకలు వేయాలి, పడుకుని తాగకూడదు. వచ్చేసారి వైద్యుడి దగ్గర ఈ మాటే మొదట చెప్పాలి.